జెండాల టైలరుకి దొరికిన కుర్చీ

మా బావకి ఛైర్మన్ పదవి వచ్చిందని ఆయనే చెప్పినా నేను నమ్మలేదు. అప్పుడాయన మిషను ముందు కూర్చుని ఎవరి పిల్లాడిదో బడి నిక్కరుకి గుండీ కుడుతున్నాడు. పళ్ళతో దారం తెంపి, "నగర రవాణా బోర్డులో నన్ను వేశారురా" అన్నాడు. నేను ఆ కొట్టు పక్క గదిలోనే ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేసుకునేవాణ్ణి. "బస్సు సీట్లకి కవర్లు కుట్టడానికా బావా?" అన్నాను. బావమరిదిని కదా, ఆ మాత్రం హక్కుంది. ఆయన నవ్వలేదు. "కాదురా, ఛైర్మన్‌గా" అని, తనకే నమ్మకం కుదరనట్టు చేతిలో నిక్కరు వైపు చూసుకున్నాడు.

ఊళ్ళో ఆయన్ని జెండాల టైలరంటారు. ఎన్నికలొస్తే పార్టీ జెండాలన్నీ ఆ మిషను మీదే తయారయ్యేవి. ఎన్నికలు లేనప్పుడు సాయంత్రాలు పార్టీ ఆఫీసు వరండాలో బెంచీ మీద కూర్చుని, పనుల కోసం వచ్చేవాళ్ళని పలకరించేవాడు. అక్కడ పెద్దాయన, అంటే పార్టీ నాయకుడు, ఆయనకి నేర్పిన పాఠం ఒక్కటే. వచ్చినవాడి చెవిన 'కాదు' అన్న మాట పడకూడదు. "చూద్దాం", "అయిపోతుంది", "పెద్దాయన చెవిన వేస్తాను". ఈ ముక్కలతోనే మా బావ ఏళ్ళ తరబడి నెట్టుకొచ్చాడు. అసలే టైలరు. రేపిచ్చేస్తానని చెప్పడం ఆ వృత్తితోనే వస్తుంది. దానికి రాజకీయం కూడా తోడైతే ఇక చెప్పాలా? అయితే మనిషిలో విషం లేదు. ఎవరినీ నొప్పించడం చేతకాక అలా అనేవాడే తప్ప మోసం చేయాలని కాదు. నాకు ఒళ్ళు మండేది కూడా అందుకే. మోసగాడైతే నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ణి.

ఆ పదవి ఆయన్నే ఎందుకు వరించిందో మాకు ఆలస్యంగా తెలిసింది. ఎన్నికల్లో ప్రైవేటు బస్సుల యజమానుల సంఘం పార్టీకి కొమ్ము కాసింది. జెండాల గుడ్డ కూడా వాళ్ళు పంపిందే. గెలిచాక, ఏ రూట్లో ఏ బస్సు తిరగాలో తేల్చే బోర్డు తమ మాట వినాలన్నారు. సంఘం అధ్యక్షుడే ఆ కుర్చీ ఎక్కితే పత్రికలు ఊరుకోవు. కనుక నోట్లో నాలుక లేనివాడి కోసం వెతికారు. ఆట్టే దూరం వెతకనక్కర్లేకపోయింది. మా అక్క మాత్రం, ఇన్నేళ్ళ చాకిరీని ఇప్పటికి గుర్తించారని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మొదటి రోజు ఆయన చొక్కా తనే ఇస్త్రీ చేసింది.

బోర్డు ఆఫీసు పాత మేడ. మెట్ల పక్కన మూతపడని బీరువాలు, వాటి మీద ఇంకెవరికీ అక్కర్లేని ఫైళ్ళ కట్టలు. ఛైర్మన్ గదిలో అద్దం పరిచిన బల్ల, నొక్కితే బయట మోగే గంట, వెనక్కి వాలితే కిర్రుమనే పెద్ద కుర్చీ. కాళ్ళు నేలకానక బావ ఇంటి నుంచి చిన్న స్టూలు పట్టుకెళ్ళాడు. అక్కడి కార్యదర్శి ఆ ఉద్యోగంలోనే తల నెరిసినవాడు. ఛైర్మన్లు వస్తారు, పోతారు, ఫైలు మాత్రం ఉంటుందనేది ఆయన సిద్ధాంతం. పైవాళ్ళు ఏది రాస్తే అది చేస్తాడు. ఎందుకని అడగడు, వద్దని చెప్పడు. ఎద్దు ఈనిందంటే దూడని గాట కట్టెయ్యమనే రకం.

మా బావ పార్టీ ఆఫీసు అలవాటునే ఆ కుర్చీలోకి తెచ్చుకున్నాడు. వచ్చిన ప్రతి అర్జీ మీదా "వెంటనే చేయవలెను" అని రాసి సంతకం పెట్టేవాడు. బెంచీ మీద కూర్చుని "అయిపోతుంది" అంటే ఏమీ కాదు. కుర్చీలో కూర్చుని అదే మాట రాస్తే నిజంగానే అయిపోతుంది. ఆ తేడా ఆయనకెవరూ చెప్పలేదు. చెప్పాల్సిన కార్యదర్శి "అలాగే సార్" అని ఊరుకున్నాడు.

మా పేట నుంచి పెద్దాసుపత్రికి పొద్దున్నే ఒక ప్రభుత్వ బస్సు ఉండేది. ఆయాలు, ఊడ్చేవాళ్ళు, వంటగదిలో గిన్నెలు తోమేవాళ్ళు అంతా అందులోనే వెళ్ళేవాళ్ళు. మా అక్క ఆ ఆసుపత్రిలో ఆయా. డ్యూటీ వేళకి అందించే బస్సు అదొక్కటే. ప్రైవేటు బస్సులు తీరిగ్గా బయల్దేరతాయి, టిక్కెట్టూ ఎక్కువే. ఆ రూటు నష్టాల్లో ఉంది కాబట్టి బస్సు రద్దు చేయాలని యజమానుల సంఘం అర్జీ పెట్టింది. అదే వారంలో, ఫుట్‌బోర్డు మీద వేలాడలేకపోతున్నాం, ఇంకో బస్సు వేయండని ఆసుపత్రి వాళ్ళు అర్జీ పెట్టారు. దాన్ని మోసుకెళ్ళి బావ చేతిలో పెట్టింది మా అక్కే. సంఘం అర్జీలో ఉన్నది రూటు నంబరు మాత్రమే. పెళ్ళాం రోజూ ఎక్కే బస్సు నంబరు మా బావకి తెలీదు. రెండింటి మీదా వెంటనే చేయవలెనని రాశాడు. కార్యదర్శి రెండూ వెంటనే చేశాడు.

సోమవారం పొద్దున స్టాపులో తమాషా జరిగింది. బస్సు ఆగగానే సంఘం మనిషొకడు రద్దు ఉత్తర్వు చూపించి డ్రైవర్ని దిగమన్నాడు. కండక్టరు జేబులోంచి ఇంకో ఉత్తర్వు తీశాడు. అందులో ఈ రూట్లో బస్సులు పెంచమని ఉంది. రెండింటి కిందా ఒకే సంతకం. "వీళ్ళు ఏదో ఒకటి తేల్చుకునేదాకా నేను కదల్ను" అని డ్రైవరు ఇంజను ఆపేసి టీకి పోయాడు. దారినపోయేవాళ్ళు నవ్వారు. డ్యూటీకి వెళ్ళాల్సినవాళ్ళకి నవ్వు రాలేదు. మా అక్క నడిచి వెళ్ళేసరికి హెడ్ నర్సు ఆమెకి గైర్హాజరు వేసేసింది.

సాయంత్రం అక్క ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూనే అడిగింది.

"ఏమండీ, మా బస్సు తీసేసింది మీరేనటగా?"

"తీసెయ్యడమేమిటే, ఇంకోటి వేయమని రాశాను" అన్నాడు బావ.

"తీసెయ్యమని కూడా రాశారట."

"వాళ్ళూ అడిగారు మరి."

అక్క చెప్పులు మూలకి నెట్టింది. "మా ఆయనున్నాడు, ఆయన చూసుకుంటాడని బస్సులో అందరికీ చెప్పానండీ" అంది. అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

మర్నాడు పెద్దాయన పిలిపించాడు. పత్రికల్లో నవ్వులపాలయ్యామని కేకలేసి, "రెండిట్లో ఒకటి ఉంచు, ఒకటి చింపెయ్" అన్నాడట. ఏది ఉంచాలండీ అని మా బావ అడిగాడట. "అది కూడా నేనే చెప్పాలా?" అన్నాడట పెద్దాయన. బావ తిన్నగా నా దగ్గరకొచ్చి, విప్పి పెట్టిన ఫ్యాను పక్కన కూలబడ్డాడు.

"కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. అలా ఉందిరా నా పని."

"కప్పకి పోయేది ప్రాణం బావా. పాముకి పోయేది ఒక పూట తిండి. రెండూ ఒకటేనా?"

"నన్ను కూర్చోబెట్టింది వాళ్ళు కదరా."

"కూర్చోబెడితే? వెళ్ళి అక్క నెత్తిన కూర్చోమన్నారా?"

నేను అలా గయ్యిమన్నందుకు ఆయన ఏమీ అనుకోలేదు. "ఆ సంఘం అధ్యక్షుడు ఎదురుగా వచ్చి కూర్చుంటే ఏం చెప్పాలిరా?" అని అడిగాడు. ఆ గొంతు విన్నాక నా కోపం చల్లారింది. జాలేసింది. అంత మంచివాణ్ణి తీసుకెళ్ళి అక్కడ పెట్టినవాళ్ళ మీద పుట్టింది అసలు కోపం.

సంఘం అధ్యక్షుడు బోర్డు ఆఫీసుకి తనే వచ్చాడు. ఆ రోజు గంట బాగుచేయించాలనే సాకుతో బావ నన్ను వెంట తీసుకెళ్ళాడు. నేను బల్ల పక్కన నేల మీద కూర్చుని, బాగానే ఉన్న తీగని విప్పి మళ్ళీ చుడుతున్నాను.

"ఏం ఛైర్మన్ గారూ, ఇంత చిన్న పొరపాటుకి అంత రాద్ధాంతమా? ఆ రెండో ఉత్తర్వు తీసేయండి, సరిపోతుంది" అన్నాడు అధ్యక్షుడు.

బావ మంచినీళ్ళు తాగాడు. గ్లాసు కింద పెట్టాడు. మళ్ళీ తీసి, ఖాళీ గ్లాసే తాగాడు.

"తీసేది మొదటిదండీ."

"ఏమిటీ?"

"బస్సు ఉంటుంది. మీ అర్జీ కుదరదు."

అధ్యక్షుడు కోప్పడలేదు, నవ్వాడు. "టైలరూ, ఈ కుర్చీ నీకెవరిచ్చారో గుర్తుందా?" అన్నాడు. ఛైర్మన్ గారు టైలరైపోవడానికి ఒక్క నిమిషం పట్టలేదు.

"గుర్తుందండీ. ఇంకేదైనా అడగండి. ఇది కుదరదు" అన్నాడు బావ.

అధ్యక్షుడు వెళ్ళిపోయాక బావ సంఘం అర్జీ మీద "వీలుపడదు" అని రాశాడు. కార్యదర్శి కళ్ళజోడు సర్దుకుని, ఒకటికి రెండుసార్లు చదువుకుని, "వీలుపడదు అనేనా సార్?" అని అడిగాడు. అంతవరకూ ఆయన ఎవరినీ ఏదీ తిరిగి అడిగిన మనిషి కాదు. అవునంటే, అలాగే సార్ అని తీసుకెళ్ళాడు. ఆ సాయంత్రం మా బావ ఇంటికి ఎలా నడిచి వెళ్ళాడో చెప్పలేను. ఆ నడక చూసి నాకు చాలా గర్వంగా అనిపించింది.

మా సంబరం వర్షాకాలం దాటలేదు. ఇంకో బస్సు రాలేదు గానీ ఉన్న బస్సు నడిచింది. తర్వాత బోర్డుని కొత్తగా ఏర్పాటు చేస్తున్నామన్నారు. మా బావ పేరు పోయింది. కొత్త ఛైర్మన్ సంఘం అధ్యక్షుడి అల్లుడు. మధ్యలో ఈ టైలరు బెడద ఎందుకనుకున్నారు కాబోలు. పత్రికలు రెండు రోజులు గోల చేసి మానేశాయి. జెండాల పని ఇంకెవరి మిషనుకో పోయింది. అల్లుడుగారి మొదటి సమావేశంలోనే బస్సు రద్దయింది. ఈసారి ఉత్తర్వు ఒక్కటే.

ఆ బస్సు నడిచే ఆఖరి రోజు అక్క మా ఇద్దరినీ బయల్దేరదీసింది. "మీరు దేని మీద సంతకాలు పెట్టారో ఒక్కసారైనా ఎక్కి చూడండి" అంది. బస్సు కిటకిటలాడుతోంది. ఒళ్ళో టిఫిను డబ్బాలు, చంకలో మడిచిన యూనిఫారాలు, ఎంత ఉతికినా పోని ఫినాయిలు వాసన. అక్కని ఎరిగినవాళ్ళు సర్దుకుని బావకి చోటిచ్చారు. దారిలో ఒక ముసలామె ఎక్కితే ఆయన లేచి ఆ చోటు ఆమెకిచ్చాడు.

"చల్లగా ఉండు నాయనా" అని కూర్చుంది ముసలామె. "రేపట్నుంచి ఈ బస్సు కూడా లేదంట. ఎవడో ఛైర్మనంట, సంతకం పెట్టి తీసేశాడు. వాడి చెయ్యి పడిపోను."

నేను నోరు తెరవబోతే బావ నా మోచెయ్యి పట్టుకుని ఆపాడు. అక్కని ఎవరు ఆపగలరు?

"ఆ తీసేసినవాడు వేరు పిన్నీ. ఈయన మా ఆయన. ముందున్న ఛైర్మన్ ఈయనే. తీసెయ్యనన్నందుకు ఈయన్నే తీసేశారు" అంది.

ముసలామె తలెత్తి మా బావని కిందినుంచి పైదాకా చూసింది.

"మొదట తీసెయ్యమని రాసింది నేనేనమ్మా" అన్నాడు బావ. "ఆ తర్వాత వద్దన్నాను. నిలబెట్టలేకపోయాను."

"నిలబెట్టలేనివాడివి ఆ కుర్చీ ఎందుకెక్కావు నాయనా?" ఆమె తిట్టడం లేదు. తెలుసుకుందామనే అడిగింది.

బావ పైనున్న కడ్డీని రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఎక్కమన్నారు, ఎక్కానమ్మా" అన్నాడు. "కాదనడం అప్పటికింకా నాకు రాదు."