వీరరాఘవమ్మ ఎకరం

కలిదిండి దగ్గర మా ఊళ్ళో చేలన్నీ చేపల చెరువులయ్యాయి. మా నాయనమ్మ వీరరాఘవమ్మ మాత్రం తన ఎకరం ఇవ్వలేదు. చెరువుల నీళ్ళు చేలోకి ఊరుతుంటే, ఆ నీళ్ళు పోయేలా గట్టు వెంట తనే బోదె తవ్వి, ఏటా వరి పండించింది.

ఆమె పెద్దకర్మ నాడు నన్ను మాట్లాడమన్నారు. ఎదుట కూర్చున్నది చెరువుల వాళ్ళే.

“చెరువుల ఊసెత్తకు నాగదుర్గా, బాగోదు,” అన్నాడు బాబాయి.

మైకు అందుకున్నాను.

“నాయనమ్మ ఎవరితోనూ తగువు పడలేదండీ. చేనూ వదల్లేదండీ. ఇవాళ మీకు వడ్డించే అన్నం ఆ చేలోదేనండీ.”

అందరూ భోజనాలకి లేచారు.

బంతిలో పక్క చెరువు రాజుగారు నన్ను పిలిచారు. “ఇరవై ఏళ్ళు అడిగానమ్మా ఆ చేను లీజుకి. అడిగినప్పుడల్లా అన్నం పెట్టి పంపేసేది, మహాతల్లి,” అని మారు అన్నం అడిగారు.

బాబాయే వడ్డించాడు.