మావయ్య ఎంచిన వెనక టైరు

శృంగవరపుకోటలో మా పక్కింటి మావయ్య పోయారని మొన్న బుధవారం పొద్దున్న అత్త ఫోను చేసి చెప్పింది. "మీ మావయ్య ఎల్లిపోనారు నాయినా. టీ తాగి కుర్సీలో కూకున్నారు, అలగే..." అంది. శ్రీకాకుళంలో నేను అప్పుడే డ్యూటీకి బయల్దేరుతున్నాను. బండి తాళం చేతిలో ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో కాసేపు తోచలేదు.

ఆయన నాకు రక్తసంబంధీకులు కారు. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా నేను కోటకు బదిలీ అయి వచ్చినప్పుడు వాళ్ళ పక్క వాటాలో అద్దెకు దిగాం. మాది వరి పండించుకుంటూ గుడికి వెళ్ళే ఇల్లు, వాళ్ళు బాప్టిస్టు చర్చికి వెళ్ళేవాళ్ళు. రెండు నెలలు తిరిగేసరికి నేను అల్లుణ్ణీ, నా భార్య వాళ్ళ అమ్మాయీ అయిపోయాం.

మావయ్య విజయనగరం బస్సు డిపోలో టైర్ల విభాగంలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యారు. ఉద్యోగం మానినా చూపు మాత్రం ఆ పని మానలేదు. ఎవరింటికి వెళ్ళినా ముందు గుమ్మం దగ్గర బండి టైర్లు చూసి, ఆ తర్వాతే మనిషిని పలకరించేవారు. ఆదివారం తెల్లచొక్కా వేసుకుని సైకిలు మీద చర్చికి వెళ్ళేవారు. ఆరాధన అయ్యాక జనం బయటికొచ్చి చూస్తే బళ్ళ వరస దగ్గర గొంతుక్కూచుని ఉండేవారు. విరిగిన గొడుగు పుల్ల ఒకటి జేబులో ఉండేది. దాంతో టైరు గాడుల్లో ఇరుక్కున్న రాళ్ళు ఒక్కొక్కటీ పీకేవారు. పాస్టరుగారు నవ్వుతూ, "మీరు ప్రసంగం విన్నారా, రాళ్ళ గురించే ఆలోచించారా?" అని అడిగితే, "రెండూ అయినాయండి" అనేవారు.

హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్ళిన మరుసటి ఏడు, వానలు మొదలయ్యే రోజుల్లో నా బండి వెనక టైరు పూర్తిగా నున్నబడిపోయింది. నా ఉద్యోగమంతా బండి మీదే. ఏ ఊళ్ళో ఆవు ఈనలేక అవస్థ పడుతున్నా, మందుల పెట్టె కట్టుకుని కొండ అంచున ఉన్న ఊళ్ళకు పోవాలి. నా భార్యకు ఏడో నెల. పరీక్షలకు విజయనగరం తీసుకెళ్ళేదీ ఆ బండి మీదే. జీతంలో ఇల్లు గడవగా మిగిలేది తక్కువ. కాన్పు ఖర్చుకని పక్కన పెట్టింది ముట్టుకోవద్దని ఇద్దరం అనుకున్నాం. బజార్లో ఒకాయన వాడిన టైర్లు అమ్మేవాడు. ఒక కొత్త టైరు ధరకే ముందుదీ వెనకదీ రెండూ ఇస్తానన్నాడు. అదే బాగుందనిపించింది.

అంతలో నా కన్ను మావయ్య పెరట్లోని రేకుల పాక మీద పడింది. అందులో టార్పాలిన్ కప్పిన మోటారుసైకిలు ఒకటుండేది. ఎవరూ నడిపేవారు కారు. ఓరోజు గాలికి టార్పాలిన్ లేచినప్పుడు చూశాను. వెనక టైరు కొత్తది, గాడులు నిండుగా ఉన్నాయి. నా బండీ అదీ ఒకటే రకం. మొహమాటపడుతూనే అడిగాను.

"మావయ్యా, ఆ బండి ఊరికే ఉంది కదా. ఆ వెనక టైరు నాకిప్పించండి. ఎంతంటే అంత ఇచ్చుకుంటాను."

ఆయన ముఖం ఒక్కసారిగా ముడుచుకుపోయింది. "అది ఇవ్వను అల్లుడూ" అని లోపలికి వెళ్ళిపోయారు.

అంతవరకూ ఆ ఇంట్లో నాకు కాదన్న మాట వినపడలేదు. వాడని టైరు కోసం ఇంత పిసినారితనమా అనిపించింది. నాలుగు రోజులు ఆయన పిలిచినా పని ఉందని తప్పుకు తిరిగాను. నా భార్య "పెద్దాయన, ఏదో కారణం ఉంటుంది" అంది. నేను వినలేదు.

ఐదో రోజు సాయంత్రం గోడ అవతలినుంచి పిలిచారు. "ఇలగ రా. సూడాల్సినదొకటున్నాది."

పాకలోకి తీసుకెళ్ళి టార్పాలిన్ తీశారు. నా చెయ్యి పట్టుకుని ఆ టైరు పక్కభాగం మీద పెట్టారు. "గోరుతో నొక్కు" అన్నారు. నొక్కాను. రబ్బరు లొంగలేదు, చెక్కలా ఉంది. అంచు పక్కకి లాగి చూపిస్తే దగ్గరదగ్గరగా సన్నని పగుళ్ళు కనిపించాయి, ఎండిన చెరువు మట్టిలో ఉన్నట్టు.

"ఇది మా తమ్ముడి బండి. ఆడు తాపీ మేస్త్రీ" అన్నారు మావయ్య. "పదేళ్ళ కిందట ఈ టైరు నేనే ఏసినాను. ఎప్పుడో సవగ్గా వస్తే కొని అటక మీద పడేసినాను. అలగే ఏళ్ళు గడిసిపోనాయి. ఆడి టైరు అరిగిపోతే, డబ్బులెందుకురా తగలేస్తావు, నా దగ్గర కొత్తదున్నాది అన్నాను. డిపోలో బస్సు టైరైతే నాలుగుసార్లు తిప్పి సూసేవోణ్ణి. ఇంట్లోది గదా అని సూడలేదు."

పదిహేను రోజులకే ఆ తమ్ముడు అనంతగిరి ఘాటు దిగుతూ వానలో, గట్టిపడిన ఆ టైరుకు పట్టు లేక, జారి పడ్డాడు. మోకాలు విరిగింది. ఆ తర్వాత పరంజా ఎక్కలేకపోయాడు. పాన్‌షాపు పెట్టుకున్నాడు.

"ఆడు నన్ను ఒక్క మాటనలేదు. బండి అమ్మీమన్నాడు. నాకే సెయ్యి రాలేదు" అని టార్పాలిన్ మళ్ళీ కప్పారు. "నువ్వడిగినప్పుడు అమ్మాయి కనిపించింది, కడుపుతోటి నీ ఎనకాల కూకున్నట్టు. కారణం సెప్పలేకపోనాను. కోపం తెచ్చుకోకు."

"తప్పు నాది మావయ్యా" అన్నాను. ఆయన ఆ మాట పట్టించుకోకుండా, "రేపు సెలవెట్టు. విజయనగరం ఎల్దుం. నీ దగ్గరున్న డబ్బులోనే వస్తాది" అన్నారు.

మర్నాడు ఇద్దరం బస్సులో వెళ్ళాం. రెండు కొట్లు చూసి బయటికొచ్చేశారు. మూడో కొట్లో యజమాని పెద్ద పేరున్న టైరొకటి ముందు పెట్టాడు. నా జేబు సంగతి తెలిసిన మావయ్య దాన్ని పక్కకు జరిపి, మధ్యరకం తీయించారు. "అందరికీ ఇంకాస్త లావుది ఏస్తన్నామండి, సూడ్డానికి బాగుంటాది" అన్నాడు కొట్టాయన. "బండితో ఏ సైజు వచ్చిందో అదే ఇయ్యి బాబూ. బండి నడపడానికి, సూడ్డానికి కాదు" అన్నారు మావయ్య. తర్వాత టైరును నెమ్మదిగా తిప్పి, ఒక పక్క చిన్న కోడిగుడ్డు ఆకారపు గీత లోపలున్న నాలుగంకెలు నాకు చూపించారు. మొదటి రెండూ ఏడాదిలో ఎన్నో వారమో, తర్వాత రెండూ ఏ ఏడాదో చెబుతాయట.

"ఇది మూడేళ్ళ కిందటి సరుకు. లోపల్నుంచి ఇంకోటి తే."

"ఆ నంబరు ఎవులూ సూడరండి."

"మేం సూస్తాం."

కొట్టాయన నవ్వి లోపలికి వెళ్ళాడు. రెండోది ఆ ఏడు తయారైనదే. కొత్త ట్యూబు కూడా తీసుకోమన్నారు. పాత ట్యూబు సాగిపోయి ఉంటుందనీ, కొత్త టైరులో మడత పడితే అక్కడే చిరుగుతుందనీ చెప్పారు. ముందు టైరుకు ఇంకా గాడులున్నాయి కాబట్టి దాన్ని రెండు నెలలాగి మార్చుకోమన్నారు. నేను రెండు వాడిన టైర్లకని తెచ్చిన డబ్బుకు కొంచెమే కలిపితే ఒక కొత్త టైరూ ట్యూబూ వచ్చాయి. కాన్పు డబ్బు కదల్లేదు.

ఇంటికొచ్చి బిగించాక ఆయన పెట్టిన షరతు ఒకటే. కొత్త రబ్బరు మీద నునుపు ఉంటుంది, అది పోయేదాకా నెమ్మదిగా ఒక్కణ్ణే తిరగాలి. నాలుగో రోజే పరీక్షకు వెళ్ళాల్సి వచ్చింది. "ఇప్పుడే ఒద్దు. అమ్మాయిని బస్సులో తీసికెళ్ళు" అన్నారు. అలాగే వెళ్ళాం. వానకు రోడ్లు మునిగిన రోజున కూడా, ఆ తర్వాత కొండవాలు ఊళ్ళలో బురదలో తిరిగిన రోజుల్లోనూ, నా బండి ఒక్కసారి కూడా నన్ను పడేయలేదు. శ్రావణంలో మాకు పాప పుట్టింది. మావయ్య ఆసుపత్రికి వచ్చి చూసి, పాప చేతిలో వేలు పెట్టి, "పట్టు బాగున్నాది" అన్నారు. అందరం నవ్వాం.

మూడేళ్ళకు నాకు శ్రీకాకుళం బదిలీ అయింది. ప్రతి ఏడూ తొలకరికి ముందు ఫోను చేసేవారు. క్షేమం అడిగేది తర్వాత. "టైర్లు సూసినావేటి?" అన్నదే మొదటి మాట. ఈ ఏడు కూడా చేశారు. ఆఫీసు హడావిడిలో ఉండి, "చూస్తాను మావయ్యా" అని పెట్టేశాను. ఇంకో రెండు మాటలు మాట్లాడాల్సింది.

బుధవారం మధ్యాహ్నానికి కోట చేరాను. అత్త నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. మావయ్య తమ్ముణ్ణి దగ్గరగా చూడడం నాకదే మొదలు. కుంటుతూ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. పాక ఖాళీగా ఉందేమని అడిగాను.

"పోనేడు అన్నే దాన్ని బాగుసేయించినాడు. రెండు టైర్లూ కొత్తవి ఏయించి, తోలుకొచ్చి నా ఇంటి ముందర ఎట్టినాడు. నేను నడపలేను అన్నా, అన్నాను. నీ కూతురుందిగదా అన్నాడు. నా కూతురు ఇప్పుడు దానిమీదే కాలేజీకి ఎల్తాది." మోకాలు రాసుకుంటూ, "ఆ రోజు మా ఇంట్లో కడుపునిండా తిన్నాడు బాబూ. అన్నాళ్ళూ నా ఇంట్లో నా కళ్ళలోకి సూసి తిన్లేదు" అన్నాడు.

సాయంత్రం సమాధుల తోటలో పాటలు పాడి, ప్రార్థన చేసి, అందరూ తలో పిడికెడు మట్టి వేశారు. అప్పటికి చినుకులు మొదలయ్యాయి. బళ్ళు ఒక్కొక్కటే బయల్దేరాయి, ఎవరూ తొందరపడలేదు. ఎర్రమట్టి మెత్తబడి ఉంది. గేటు దాకా నేల మీద టైర్ల అచ్చులు, పక్కపక్కనే, ఒకదాన్నొకటి దాటుకుంటూ, గాడులన్నీ లోతుగా స్పష్టంగా పడి ఉన్నాయి. అత్త చెంగు తల మీద కప్పుకుని వాటి పక్కగా, తొక్కకుండా నడిచి వెళ్ళింది. వాన నీరు మెల్లగా ఒక్కో గాడిలోకీ చేరుతోంది.