ఒకే కాగితం మీద రెండు జవాబులు

తెలుగు మేడం పోయారన్న కబురు నాకు ఎవరూ చెప్పలేదు. ఫొటోగా వచ్చింది. పొద్దున్నే షట్టరు లేపి మెషిను వేడెక్కేదాకా కూర్చున్నాను. ఒకడు వచ్చి పాస్‌పోర్టు సైజు ఫొటో కౌంటరు మీద పెట్టి, "ఇది పెద్దది చేసియ్యి బ్రదరూ, దండెయ్యాలి. మొన్న విశాఖలో కూతురింట్లో పోయారంట. సాయంత్రం స్కూల్లో సభ," అన్నాడు. నేను ఫొటోని వెలుతురులోకి తిప్పి చూస్తుంటే, "మా మేడం. నీకు తెలీదులే," అన్నాడు.

నీకు తెలీదులే! ఆ మాటకి వాడి చెయ్యి విరిచేద్దామనిపించింది. ఇవాళ యానాంలో అందరికీ ఆవిడ "మా మేడం". మార్కులు వేయించుకున్నవాళ్ళూ, వెనక బెంచీలో నిద్రపోయినవాళ్ళూ, అందరూ హక్కుదారులే. ఆ హక్కు నాకు లేదు. ఆవిడ క్లాసులో నేను ఒక్కరోజు కూడా కూర్చోలేదు. తొమ్మిదో తరగతిలో బడి మానేసి ఈ జిరాక్సు షాపులో చేరినవాణ్ణి. అయినా ఆవిడ గురించి నేనూ రాస్తున్నాను. చదివేవాళ్ళు చదవండి.

ఆవిడ ఎప్పుడూ ఒక్క కవిత ఇచ్చి ఊరుకునేవారు కాదు. రెండు ఇచ్చేవారు. ఆ రెండిటినీ మా షాపులో కాపీలు తీయించి, పోల్చి రాయమని పిల్లలకి పంచేవారు. అప్పట్లో మా మెషినుకో రోగం ఉండేది, కాగితం అడుగున చివరి లైను మింగేసేది. మొదటిసారి ఆవిడ కట్టంతా వెనక్కి నెట్టి, "కాళ్ళు నరికేసి కవితని నడవమంటే ఎలా నడుస్తుందిరా? మళ్ళీ తియ్యి," అన్నారు. ఓనరు చేత తిట్లు తిన్నాను. అప్పట్నుంచి ప్రతి కాగితానికీ చివరి లైను చదివి చూసుకునేవాణ్ణి. అది చదివితే దాని పై లైనులో ఏముందో చూడాలనిపించేది. అలా కింద నుంచి పైకి ఎక్కుతూ కవిత్వం చదవడం నేర్చుకున్నాను.

స్టూలు వేసినా ఆవిడ కూర్చునేవారు కాదు. గొడుగు కౌంటరుకి తగిలించి, పిల్లల జవాబులు నిలబడే దిద్దేవారు. దిద్దుతూ గొణుక్కునేవారు. "బాగుందని రాశాడు చూడు. ఇడ్లీ కూడా బాగుంటుంది." "ఈ కవి గొప్పవాడంట. ఎవరు చెప్పారమ్మా నీకు, ఆయనేనా?" చాలామంది మొదటి కవిత గురించి ఒక పేజీ, రెండో కవిత గురించి ఒక పేజీ రాసి చేతులు దులుపుకునేవారు. వాళ్ళందరికీ ఎర్ర పెన్నుతో ఒకటే మాట: "ఇటు ఒడ్డు చెప్పావు, అటు ఒడ్డు చెప్పావు. పంటు ఏది?" వంతెన పడకముందు మనుషుల్నీ బళ్ళనీ గోదావరి దాటించింది ఆ పంటే కదా.

అన్నిట్లోకీ బాగా వచ్చిన జవాబుని క్లాసంతటికీ కాపీలు తీయించేవారు. ఆవిడ ఇచ్చే బహుమతి అదే. ఆ జవాబు దాదాపు ఎప్పుడూ పక్కూరు అడవిపొలం నుంచి వచ్చే ఒకమ్మాయిదే. గుండ్రటి అక్షరాలు, ఎక్కడా కొట్టివేత లేదు. ఎంత మండేదో! ఆ అమ్మాయికి కూర్చోడానికి బెంచీ ఉంది, అడగడానికి మేడం ఉన్నారు. ఆ గొప్పతనాన్ని కాపీలు తీసి కట్ట కట్టే పని మాత్రం నాది.

ఒకసారి వరద మీద రెండు కవితలు వచ్చాయి. మొదటిదాంట్లో గోదారి ఇంట్లోకి చుట్టంలా వస్తుంది. రెండోదాంట్లో నీళ్ళు తీశాక ఒకావిడ ఇంట్లో బురద తోడుతుంటుంది, కవిత అయిపోయేదాకా నోరు విప్పదు. ఆ మౌనం దుఃఖమని అడవిపొలం అమ్మాయి రాసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మా అమ్మ బురద తోడటం నేను చూశాను. పాడైన కాగితాల వెనక నేనూ ఒక జవాబు రాసి మేడం ముందు పెట్టాను.

"ఏరా, కవిత మీద రాశావా, ఆ పిల్ల మీద రాశావా?" అన్నారు.

"ఆ అమ్మాయి రాసింది తప్పండి."

"తప్పని నువ్వెవడివిరా చెప్పడానికి? నీకేం కనపడిందో అది రాయి. ఇందులో సగం తిట్లే."

తిట్లు తీసేస్తే పావు పేజీ మిగిలింది. దాన్నే మళ్ళీ రాసిచ్చాను. ఆవిడ చదివి, దాని పక్కన ఆ అమ్మాయి జవాబు పెట్టారు. "రెండూ ఒకే కాగితం మీద వచ్చేలా క్లాసుకి సరిపడా తియ్యి. పేర్లు కప్పేయి."

"నాది ఒక్కటే తీయొచ్చు కదండి? ఆ అమ్మాయిది ఎప్పుడూ ఒక్కటే తీయించేవారుగా."

"ఆ పిల్లకి ఇన్నాళ్ళూ జోడీ దొరకలేదురా," అన్నారు.

అప్పుడది నాకు పొగడ్తలా వినపడలేదు. ఆ పిల్ల కోసం నన్ను వాడుకుంటున్నారనిపించింది. ఇప్పుడు అనుకుంటాను, నన్ను ఒకరి పక్కన సమానంగా నిలబెట్టింది నా జన్మలో ఆవిడొక్కరే. కానీ క్లాసులో ఏమైందో పౌరుషానికి పోయి నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. రిటైరై విశాఖ వెళ్ళిపోయారు. ఇప్పుడు అడుగుదామంటే మనిషే లేరు.

ఫొటో ఇచ్చేసిన మధ్యాహ్నం ఒకావిడ వచ్చి, సభలో చదవడానికి రాసుకున్న కాగితం కాపీ తీయమంది. చూస్తే అవే గుండ్రటి అక్షరాలు. మొహం చూడటం మాత్రం అదే మొదటిసారి.

"వరద కవితలప్పుడు మీ జవాబు పక్కన ఇంకో జవాబు వచ్చింది. గుర్తుందాండి?" అన్నాను.

"ఎందుకు గుర్తులేదండీ! అది రాసినోడు దొరికితే పీక నొక్కేద్దామనుకున్నాను."

"నేనేనండి."

నోరు తెరిచి చూసి, తర్వాత నవ్వేసింది. "మీరా బాబూ! ఆ రోజు నాకు అన్నం సయించలేదు తెలుసా?"

"ఎవరిది బాగుందన్నారండి?"

"మేడం తేల్చలేదండి. నాది నాచేత చదివించారు. మీది మాత్రం ఆవిడే చదివారు."

ఆవిడే చదివారు. నా మాటలు, ఆవిడ గొంతులో. వెనక బెంచీలో కునికినవాడు కూడా విన్నాడు, నేను వినలేదు. ఈ అమ్మాయి చదువు మీద, బహుమతుల మీద ఇన్నేళ్ళు కుళ్ళుకున్నదంతా ఒక ఎత్తు, ఆ క్షణంలో ఆమె చెవుల మీద పుట్టిన అసూయ ఒక ఎత్తు.

"ఎలా చదివారండి?"

"అంతా గుర్తులేదు. ఒక్కచోట ఆగిపోయారు. చత్వారం కదండి, ఇలా పట్టుకునేవారు కాగితం." చెయ్యి బారుగా చాపి, తన కాగితాన్నే దూరంగా పట్టుకుంది. గడ్డం పైకెత్తింది. ఆటోలు హారన్లు కొడుతుంటే, రోడ్డు పక్క ఎండలో నిలబడి, మాటకీ మాటకీ మధ్య చోటు వదులుతూ మేడంలాగే అంది:

"ఆవిడ ఏడవడం లేదు. తిట్టడానికి... ఊపిరి... దాచుకుంటోంది."

రాసింది నేనే, ఆ వాక్యం నాకే గుర్తులేదు.

ఆ అమ్మాయి చెయ్యి దించలేదు. వెనకాల ఆధార్ కార్డు పట్టుకుని నిలబడ్డ, దరియాలతిప్ప నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఒకడుగు ముందుకేసి, "ఇంకోసారి సదువమ్మా," అన్నాడు.