కూత ఆపే చెయ్యి

“...ఏడాదికొకసారంటే సరే, టిక్కెట్టు కొన్నారు, బస్సెక్కించారు, అయిపోయింది. ఇప్పుడు రేపట్నించీ రోజూ సైరను మోగించమంటున్నారు. రోజూ మీ అక్కని ఊరు దాటించి తీసుకొస్తూ కూర్చుంటారా?”

“మెల్లిగా మాట్లాడు. వింటుంది.”

“ఆ టీవీ గోలలో నా మాట నాకే వినపడి చావడం లేదు, ఆవిడకేం వినపడుతుంది.”

“నాలుగు రోజులు మోగించమంటారు, తర్వాత వాళ్ళే మర్చిపోతారు.”

“నాలుగు రోజుల్లో తేలిపోతుందని ఎవరు చెప్పారు మీకు? ఆ టీవీలో అరిచేవాళ్ళా?”

ఆయన టీ పొంగు మీదికొస్తుంటే స్టవ్వు తగ్గించాడు. భార్యతో వాదనలో ఓడిపోబోతున్నప్పుడల్లా ఆయనకి వంటింట్లో ఏదో ఒక పని కనిపిస్తుంది.

“మీ పిన్ని కూతురు రమ్మంటూనే ఉందిగా,” అంది ఆవిడ గ్లాసులు తొలుస్తూ. “అక్కడ కూతా లేదు, గీతా లేదు. ఈ గొడవ సద్దుమణిగేదాకా ఉండి వస్తుంది.”

“అది మాటవరసకి అంది. మనిషి వెళ్ళి గుమ్మంలో దిగితే అప్పుడు తెలుస్తుంది.”

“అయితే నేను మోగించనని ఇంజనీరుతో చెప్పండి.”

అదీ చెప్పలేడని ఆవిడకి తెలుసు. తెలిసే అంది.

ఊళ్ళో ఆయన్ని కూతాయన అంటారు. వాటర్‌వర్క్స్‌లో పంపు ఆపరేటరు. అక్కడి నీళ్ళ ట్యాంకు నెత్తిన, రేకుల కప్పు కింద, చేత్తో తిప్పే సైరను ఒకటుంది. పాత యుద్ధం నాటిది. కరెంటు పోయినా మోగాలని అప్పట్లో దాన్ని పెట్టారు. తర్వాత ఎవరో మోటారు బిగించారు, అది కాలిపోయింది, మళ్ళీ ఎవరూ పట్టించుకోలేదు. ఏడాదికొకసారి, యుద్ధంలో పోయినవాళ్ళని తలుచుకునే రోజున, కూతాయన పైకెక్కి దాన్ని తిప్పుతాడు. ఊరు ఎక్కడిదక్కడ నిలబడుతుంది. కూత ఆగగానే మళ్ళీ హారన్లు మొదలవుతాయి.

ఆయనకి ముందు ఆ పని ఆయన తండ్రిది. విమానాలొచ్చిన సాయంత్రం ఊరంతా నేలమాళిగల్లోకి దిగుతుంటే ఆయనొక్కడూ మెట్లెక్కి పైకి వెళ్ళాడు. ముందు విమానం తూటాలు తగిలాయి, కాసేపటికి ట్యాంకు మీద బాంబు పడింది. సైరను మాత్రం చిన్న సొట్టతో శిథిలాల్లో దొరికింది. ట్యాంకు మళ్ళీ కట్టినప్పుడు దాన్ని తీసుకెళ్ళి మళ్ళీ అక్కడే బిగించారు.

కూతాయన అప్పుడు పొత్తిళ్ళలో బిడ్డ. తండ్రంటే ఆయనకి ఒక పెళ్ళి ఫొటో, వాటర్‌వర్క్స్ గేటు పక్కనున్న నల్లరాయి. పౌరుల రక్షణకై ప్రాణత్యాగం చేసిన పంపు ఆపరేటరు అని రాయి మీద చెక్కి ఉంటుంది. డ్యూటీకి వెళ్తూ దాని మీద దుమ్ము కనిపిస్తే జేబురుమాలుతో తుడుస్తాడు. అంతకు మించి ఆ రాయితో ఆయనకి ఏ చనువూ లేదు. చనువంతా అక్కతోనే. తల్లి అదే వాటర్‌వర్క్స్‌లో ఊడ్చే పనికి చేరితే, ఆయన్ని చంకనేసుకుని పెంచింది అక్క. అప్పటికి అక్కకి తొమ్మిదేళ్ళు. తర్వాత టైలరు షాపులో కాజాలు కుట్టడానికి వెళ్ళింది, తమ్ముణ్ణి చదివించింది, ఉద్యోగంలో చేర్పించింది, పెళ్ళి చేసింది. నీ సంగతేమిటని ఎవరైనా అడిగితే, “ఒకణ్ణి పెంచేసరికే నడుం విరిగింది, ఇంకొకణ్ణి ఎక్కడ పెంచను” అనేది. ఊళ్ళో సగం మంది మగవాళ్ళ చొక్కాలకి కాజాలు అక్క కుట్టినవే. చూపు తగ్గినా వేళ్ళు తగ్గలేదని టైలరు మేస్త్రి ఇప్పటికీ పని ఇంటికి పంపిస్తాడు.

కూతాయన ఉద్యోగంలో చేరి మొదటిసారి సైరను తిప్పి వచ్చిన రోజున, అక్క బీరువాకీ గోడకీ మధ్య సందులో కూర్చుని ఉంది. పళ్ళు గిట్టకరుచుకుని ఉంది. ఆ రోజంతా నోరు విప్పలేదు. మరుసటి ఏడాది ఆ రోజున ఆయన పొద్దున్నే బస్సు టిక్కెట్టు తెచ్చి అక్క చేతిలో పెట్టాడు. అక్క టిక్కెట్టుకేసి చూసి, ఆయనకేసి చూసి, సంచీ తీసుకుని బయల్దేరింది. బస్సు వెనక్కి తిరిగే చోట, పెట్రోలు బంకు పక్కన బల్ల మీద కూర్చుని, సాయంత్రం అదే బస్సులో తిరిగొచ్చింది. అప్పట్నించీ ఆ ఇంట్లో అది రివాజు. ఎవరూ దాని గురించి మాట్లాడుకోరు.

ఆయన టీ గ్లాసు పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళాడు. టీవీలో సరిహద్దు మ్యాపు మీద ఎర్ర బాణాలు అటూ ఇటూ పరుగెడుతున్నాయి. పక్కన నాలుగు గడుల్లో నలుగురు ఒకేసారి అరుస్తున్నారు. అక్క కిటికీ వెలుగులోకి కుర్చీ జరుపుకుని కాజా కుడుతోంది. కాళ్ళ దగ్గర చొక్కాల కట్ట. అన్నీ ఒకటే రంగు, ముదురాకుపచ్చ.

“మేస్త్రికి కొత్త ఆర్డరొచ్చింది,” అంది తలెత్తకుండా. “ఈ కాలరు చూడరా. పధ్నాలుగు. ఇది మగాడి మెడేనా? నువ్వు ఇంటరు చదివేటప్పుడు నీ మెడ ఇంతుండేది.”

“కుర్రాళ్ళని తీసుకుంటున్నారట.”

“త్యాగాలకి వెనకాడం అంటున్నాడు వాడెవడో, పొద్దుట్నించీ. ఎవరివి చేస్తాడట?”

ఆయన టీవీ గొంతు తగ్గించబోయాడు.

“ఉండనీ. మీరిద్దరూ వంటింట్లో స్వేచ్ఛగా మాట్లాడుకోవచ్చు,” అంది అక్క.

ఆయనకి ముఖం చెల్లలేదు. టీ అలాగే వదిలేసి చొక్కా వేసుకున్నాడు. గుమ్మం పక్కన భార్య అప్పటికే అక్క సంచీ సర్దిపెట్టింది. చీరలు, మందులు, కళ్ళజోడు డబ్బా. అందులో ఆవిడ తప్పేమీ లేదని సైకిలు తొక్కుతూ అనుకున్నాడు. రోజూ ఒక మనిషి బీరువా సందులోకి దూరడం ఏ ఆడది చూస్తూ ఊరుకుంటుంది? రాత్రికి పిన్ని కూతురికి ఫోను చెయ్యాలి. అక్కని ఇంట్లోంచి పంపించేస్తున్నది తనే అని ఆ ఫోనులో ఎలా చెప్పాలో, అక్కతో ఎలా చెప్పాలో మాత్రం గేటు దాకా వెళ్ళినా తోచలేదు.

పంపుహౌసు ముందు ఇంజనీరు ఎదురుచూస్తున్నాడు. కుర్రవాడు, కొత్తగా బదిలీ మీద వచ్చాడు.

“పెద్దాయనా, పైనుంచి ఫోనొచ్చింది. రేపటిదాకా ఆగక్కర్లేదట. ఇవాళే ఒకసారి మోగించమంటున్నారు. ఏ వీధిలో వినపడుతోందో, ఎక్కడ వినపడటం లేదో మనుషుల్ని పెట్టి చూసుకుంటారట.”

“ఎప్పుడండీ?”

“ఇప్పుడే.”

“ఒక గంట ఆగితే... ఇంటి దగ్గర చిన్న పనుంది.”

“మీ నాన్నగారు గంట టైమడిగారా ఏమిటి?” అని నవ్వాడు ఇంజనీరు. వెంటనే నాలిక్కరుచుకున్నాడు. “సారీ అండీ. నా చేతిలో ఏం లేదు. వాళ్ళు వీధుల్లో నిలబడి ఉన్నారు.”

కూతాయన ఇంటికి ఫోను చేశాడు. “కిటికీలన్నీ వెయ్యి. టీవీ పెంచు.”

“ఇంకెంత పెంచమంటారు,” అంది భార్య. తర్వాత అర్థమైంది. “అయ్యో, ఇప్పుడేనా?”

ఆయన మెట్ల కింద చెప్పులు విడిచాడు. ఇనప మెట్ల మీద జారతాయని తండ్రి అలాగే విడిచేవాడట. అమ్మ చెప్పింది. పైన గాలి జోరుగా ఉంది. కింద ఇళ్ళ మీద ఆరేసిన బట్టలు, బడి ఆవరణలో వరసలు కట్టిన పిల్లలు కనిపిస్తున్నారు. హ్యాండిలు పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాడు. ముందు గురకలాంటి చప్పుడు. చేతులు వేగం అందుకున్నకొద్దీ అది కూతైంది. కూత ఊరి మీదికి లేచింది. బడి పిల్లలు తలెత్తి చప్పట్లు కొట్టారు. ఆయన వాళ్ళకేసి చూడలేదు. తన వీధి ఎటుందో ఆయనకి తెలుసు, అటూ చూడలేదు.

కింద ఇంజనీరు చెయ్యి ఊపాడు. ఆయన హ్యాండిలు వదిలేశాడు.

దానికి బ్రేకు ఉండాలి. పిడి నొక్కితే తోలు మెత్త చక్రాన్ని పట్టుకుని కూతని ఆపేస్తుంది. ఆ తోలు ఆయన చేరేనాటికే అరిగిపోయింది. కొత్తదానికి రాసి పంపాడు, రాలేదు, మళ్ళీ రాశాడు, తర్వాత మానేశాడు. ఏడాదికొకసారి మోగేదానికి బ్రేకెందుకులే అనుకున్నాడు. వదిలేస్తే అదే ఆగుతుంది. తనంతట తనే తిరిగి, కూత మెల్లిగా దిగి, సన్నబడి, చివరికి మూలుగులా మిగిలి ఆరిపోతుంది. ఇవాళా అలాగే ఆరిపోయింది.

ఆయన ఇంజనీరుకి చెప్పకుండానే సైకిలెక్కాడు.

భార్య గుమ్మంలోనే ఎదురొచ్చింది. గొంతు తగ్గించింది. ఈసారి టీవీ కట్టేసి ఉంది.

“మోగినంతసేపూ బాగానే ఉందండీ. కళ్ళారా చూశాను. నేను కిటికీలు వేస్తుంటే, ‘ఎందుకమ్మాయ్, వెలుగు పోతోంది’ అంది. కుట్టుకుంటూనే ఉంది. సరిగ్గా అది తగ్గడం మొదలైంది చూశారూ, అప్పుడు లేచింది. ఆగేలోపల సందులో ఉంది.”

“మోగుతున్నప్పుడు కాదా?”

“కాదంటున్నాగా. నేనక్కడే ఉన్నా.”

అక్క బీరువా పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఒళ్ళో చొక్కా. ఆయన ఎదురుగా చతికిలబడ్డాడు. భార్య మంచినీళ్ళు తెచ్చి పెట్టింది.

“కాజా చీలిపోయిందిరా,” అంది అక్క చివరికి. “కత్తెర అవతలికి పోయింది. ఏడుస్తాడు మేస్త్రి.”

“పోనీలే అక్కా.”

“పోనీలే అంటే? ఎవడో తొడుక్కోవాలి దీన్ని.”

“నీకు ఆ చప్పుడంటే భయమనుకున్నాను,” అన్నాడు.

“చప్పుడంటే భయమెందుకు? అది మోగుతోందంటే నాన్న ఉన్నట్టేగా.” అక్క చొక్కా చీలిక మీద వేలు రాసింది. “నేను క్యారియరు తీసుకెళ్ళి పైనే నిలబడేదాన్ని, ఆయన తిప్పుతుంటే. అమ్మకి తెలిస్తే చంపేదని చెప్పేవాళ్ళం కాదు. నాన్న ఎప్పుడూ దాన్ని వాలనిచ్చేవాడు కాదురా. బ్రేకు పిడి మీద చెయ్యేసి ఆపేవాడు. పీక పట్టుకున్నట్టు ఠక్కున ఆగేది. ఏడుస్తున్న పిల్లని దానంతట అదే ఊరుకోనిస్తామా అనేవాడు.”

“ఆ రోజు?”

“ఆ రోజు నేలమాళిగలో నువ్వు అమ్మ ఒళ్ళో ఉన్నావు. కూత దిగడం మొదలైంది. మెల్లిగా, ఇందాక నువ్వు వదిలావే, అలాగే. అందరూ, హమ్మయ్య, ఆపేశాడు, అయిపోయింది, పదండి అని లేచారు. నాన్న ఆపలేదమ్మా, అది దానంతట అదే ఆగుతోంది అన్నాను. అమ్మ నా నోరు మూసేసింది. ఇంత గట్టిగా.” అక్క తన అరచెయ్యి పెదాల మీద ఆనించి చూపించింది. “ఆవిడకీ అర్థమయ్యే ఉంటుంది. తర్వాత ఆవిడా అడగలేదు, నేనూ చెప్పలేదు. లేచినవాళ్ళలో కొందరు బయటికి వెళ్ళారు, అప్పుడు పడ్డ బాంబులకి పోయారు. వాళ్ళ పేర్లు నీ రాయి మీద లేవు.”

భార్య కొంగుతో ముఖం తుడుచుకుని, ఏదో పని ఉన్నట్టు సంచీ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

“మరి ఇన్నేళ్ళు బస్సెందుకెక్కావు?” అన్నాడు కూతాయన. “ఒక్క మాట చెప్తే పోయేదిగా.”

“నువ్వు టిక్కెట్టు కొని తెచ్చావు. చిన్నప్పట్నించీ నువ్వేదైనా తెచ్చి చేతిలో పెడితే వద్దనడం నాకు రాదు. ఆ బంకు దగ్గర కూర్చుని, ఇప్పుడాగుంటుంది, ఇప్పుడాగుంటుంది అనుకునేదాన్ని. అక్కడిదాకా వినపడదుగా. ఎలా ఆగిందో తెలిసేది కాదు. సాయంత్రం వచ్చాక నువ్వు గుమ్మంలో కనపడితే అప్పుడు తెలిసేది.”

ఆయన తన చేతులకేసి చూసుకున్నాడు. హ్యాండిలు పట్టుకున్న చోట అరచేతులు ఎర్రగా కమిలి ఉన్నాయి. ఇన్నేళ్ళూ ఊరంతా నిలబడి వింటుండగా, తను ఆ సాయంత్రాన్నే మోగించి వదిలేస్తున్నాడు. రెండుసార్లు కాగితం రాసి ఊరుకున్నాడు. చెప్పులు కుట్టేవాడి దగ్గర తోలు ముక్క అడిగి ఉంటే పూటలో అయ్యే పని.

“బ్రేకు బాగుచేయిస్తానక్కా. ఇవాళే. తోలు నేనే కొని వేయిస్తాను.”

“వేయించు.”

“అయితే వదినా,” అంది భార్య సంచీ కేసి చూస్తూ, “మీ పిన్ని కూతురికి ఫోను...”

అక్క గోడ పట్టుకుని లేచింది. చీలిన చొక్కా మడిచి కట్ట మీద విడిగా పెట్టింది. కిటికీ తలుపులు రెండూ తీసి, కుర్చీ మళ్ళీ వెలుగులోకి జరుపుకుంది. సూదిలోకి దారం ఎక్కించడానికి ఒకసారి తప్పింది, రెండోసారి ఎక్కింది.

“ఆ సంచీ విప్పేయమ్మాయ్,” అంది. “రేపు నేనూ పైకెక్కుతాను. వాడు తిప్పుతాడు, నేను ఆపుతాను.”