తిప్పకుండా కదిలిన బొమ్మ

మా తమ్ముడూ వాడి భార్యా కలిసి కలైడోస్కోప్‌లు తయారుచేస్తారు. పిల్లలు తిప్పుతూ రంగుల బొమ్మలు చూసే అట్ట గొట్టాలు కావు. పెద్ద హోటళ్ళలో ఇత్తడి స్టాండు మీద నిలబెట్టేవి. గొట్టం, దాని చివర రంగు ముక్కలు నింపే డబ్బీ తమ్ముడి పని. లోపలి అద్దాలు మా మరదలి పని. ఆ అద్దాలకు పూత మామూలు అద్దాల్లా వెనక కాకుండా పైవైపే ఉంటుంది. వేలు తగిలిందా, చెడిపోయినట్టే. అందుకే చేతులకు తొడుగులేసుకుని, ఊపిరి బిగబట్టి అమరుస్తుంది. పక్కన నేను తుమ్మానంటే ఆ పూటంతా నాతో మాట్లాడదు.

వాళ్ళకొక కట్టుబాటుంది. డబ్బీ మూశాక మరదలు కన్ను పెట్టి చూడాలి. తను బాగుందంటేనే అడుగున ఇద్దరూ సంతకాలు చెక్కుతారు. ఆ సంతకాల మీది నమ్మకంతోనే జనం కొంటారు. పదహారేళ్ళలో ఒక్కటి కూడా తను చూడకుండా గుమ్మం దాటలేదు, నిరుడు తమ్ముడికి పురుగుల పిచ్చి పట్టేదాకా.

పచ్చగా మెరిసే బంగారు పురుగులుంటాయే, వాటి రెక్కలు. ఎవడో అమ్ముతుంటే అట్టపెట్టెడు కొనుక్కొచ్చాడు. గదంతా చచ్చిన ఎలక కంపు. కొన్ని రెక్కలకు కాళ్ళూ, ఎండిన పొట్టలూ ఇంకా అంటుకునే ఉన్నాయి. వాటిని గోటితో గిల్లి పారేస్తూ, అదే చేత్తో టీ కప్పు పట్టుకునేవాడు.

"ఛీ! చేతులు కడుక్కోరా!" అన్నాను.

"ఈ రంగు చూడక్కా. ఏ గాజుముక్కకొస్తుంది ఇంత మెరుపు?"

మరదలు ముక్కుకు గుడ్డ కట్టుకుని అద్దాలు అమర్చింది. తీరా డబ్బీ మూశాక చూడమంటే మొహం తిప్పేసుకుంది. "నావల్ల కాదు. అవి కంటికి అంత దగ్గరగానా? మీరే చూసుకోండి" అంది. సంతకం మాత్రం చెక్కేసింది.

నెల తిరక్కుండానే, దాన్ని కొన్న హోటలాయన ఫోన్ చేశాడు. "అద్భుతమండీ! తిప్పకపోయినా బొమ్మ దానంతటదే కదులుతోంది. జనం వరసకట్టి చూస్తున్నారు. అలాంటివే ఇంకో నాలుగు చేసిపెట్టండి."

తమ్ముడు పొంగిపోయాడు. మరదలి మొహం పాలిపోయింది. తిప్పకుండా కదిలేది వాళ్ళెప్పుడూ చెయ్యలేదు.

ముగ్గురం వెళ్ళాం. నిజంగానే హాల్లో జనం మూగి ఉన్నారు. చూసే రంధ్రం చుట్టూ ఎవరెవరి చెమటో, పౌడరో జిడ్డుగా పేరుకుపోయింది. దాన్ని తుడవాలన్న జ్ఞానం ఒక్కరికీ లేదు. సూటు వేసుకున్న ఒకాయన అందులోనే కన్ను ఆనించి, "ఆహా, ప్రాణమున్నట్టే ఉంది!" అంటున్నాడు.

ఆయన్ని తప్పుకోమని, రుమాలుతో రంధ్రం తుడిచి, మరదలు కన్ను పెట్టింది. ఎంతకీ తియ్యదే! నేను భుజం తట్టాక గానీ ఈ లోకంలోకి రాలేదు. ఆ తర్వాత డబ్బీ విప్పి, కౌంటరు మీద తెల్లకాగితం పరిచి దాని మీద బోర్లించింది.

రెక్కలు, గోధుమరంగు పొడి, వాటి మధ్య బియ్యపుగింజంత బొచ్చు పురుగులు. అంటుకుని మిగిలిన ఎండు పొట్టలు తింటూ బలిసి, మెలికలు తిరుగుతున్నాయి. అద్దాల్లో ఒక్కో పురుగు పన్నెండై, జనానికి అందమైన పువ్వులా కనిపించింది.

సూటాయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికి పరిగెత్తాడు. హోటలాయన చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "ఎవరికీ చెప్పకండి. మళ్ళీ అలాగే పోసి బిగించెయ్యండి. జనానికి నచ్చింది కదా."

పురుగుల్ని చూసినప్పుడు రాని డోకు ఆ మాటకొచ్చింది నాకు. మా వాడేమో మళ్ళీ డబ్బీలో పొయ్యడానికి బుద్ధిగా రెక్కలు ఏరుతున్నాడు!

"వదిలెయ్యండి," అని వాణ్ణి ఆపి, మరదలు హోటలాయన వైపు తిరిగింది. "దీన్ని మేం తీసుకెళ్ళిపోతాం. చూడకుండా సంతకం పెట్టాను. తప్పు నాది."

రోడ్డు మీదికొచ్చాక తమ్ముడు నీళ్ళు నమిలాడు. "మూసేటప్పుడు ఒక పురుగు కనిపించింది. గాలాడక చస్తుందిలే అనుకున్నా."

"నీ మొహం మండ! తెలిసే పంపావుట్రా?" అని నడిరోడ్డని కూడా చూడకుండా దులిపేశాను. ఇంత జరిగాక వీడితో కలిసి పని చెయ్యనంటుందని, అనాలని, మరదలి వైపు చూశాను.

"ఆయన్నెందుకు తిడతారు వదినా?" అంది నెమ్మదిగా. "ఆ రోజు చూసుంటే మాత్రం నేను ఆపేదాన్నా? ఇందాక చూడగానే అవేంటో తెలిసిపోయింది. అయినా కన్ను తియ్యబుద్ధి కాలేదు. అంత బాగుంది."

ఆ మాట అంటూనే రోడ్డు పక్కన కూలబడి వాంతి చేసుకుంది.