హేచరీలో పచ్చ లైటు

నరసరావుపేట బైకు మెకానిక్ మహమూద్ కూతురు ఫాయిజా ఇంజనీరింగ్ చదివి, ఊళ్లోనే ఒక చిన్న కంపెనీలో చేరింది. కోళ్ల హేచరీల్లో గుడ్లు పొదిగే మెషిన్లకు ఆ కంపెనీ అలారం పెట్టెలు బిగిస్తుంది. మెషిన్‌లో వేడి పెరిగితే పెట్టె ఆఫీసు సర్వర్‌కి కబురు పంపాలి, సర్వర్ యజమాని ఫోన్ మోగించాలి.

పెట్టె సర్వర్‌ని పిలిచి, జవాబు కోసం ఆగకుండా తన పని తాను చూసుకునేది. కాసేపటికి సాకెట్, అంటే ప్రోగ్రాంలో ఆ లైనుకి ఇవతలి కొస, కబురు రాయడానికి సిద్ధమని తెలిస్తే, లైను కలిసిందనుకుని పచ్చ లైటు వెలిగించేది. కానీ లైను కలవకపోయినా సాకెట్ సిద్ధమనే అంటుంది. లోపల ఎర్రర్ ఏమన్నా ఉందా అని విడిగా అడగాలి. పాతవాళ్లు రాసిన ప్రోగ్రాంలో ఆ ప్రశ్నే లేదని ఫాయిజా మేనేజర్‌కి చెప్పింది. ఊరూరా తిరిగి పెట్టెలు సరిచేయడం ఇప్పట్లో కుదరదన్నాడాయన.

ఎండలు ముదిరిన ఒక పొద్దున, సత్తెనపల్లి దగ్గర బ్రహ్మానందం హేచరీ పెట్టె సర్వర్‌లో కనపడలేదు. కోర్టు పని మీద వెళ్లిన ఆయన ఫోన్ స్విచాఫ్. హేచరీ ఫోన్ అక్కడ పనిచేసే రామాయమ్మ ఎత్తింది.

"పెద్దమ్మా, మెషిన్ తలుపు తీసి వేడి ఎంతుందో చూస్తావా?"

"పచ్చ లైటు వెలుగుతానే ఉందమ్మాయ్. అదున్నంతసేపు తలుపు ముట్టొద్దన్నాడు మా ఆసామి."

"ఆ లైటుని నమ్మొద్దు పెద్దమ్మా."

"నువ్వెవరో నాకేం తెలుసు? గుడ్లు చల్లబడితే నా పని ఊడుద్ది."

మళ్లీ చేస్తే ఎత్తలేదు. ఫాయిజా బస్సెక్కింది.

ఆమె చేరేసరికి అంతా అయిపోయింది. లోపల ఫ్యాను ఆగి, వేడి పెరిగిపోయి గుడ్లన్నీ ఉడికిపోయాయి. పెట్టె మీద పచ్చ లైటు అలాగే వెలుగుతోంది. అప్పుడే వచ్చిన బ్రహ్మానందం రామాయమ్మని తిడుతున్నాడు. తప్పు పెట్టెదని ఫాయిజా విడమరిచి చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"పెట్టెకేం తెలుసు తల్లీ. మరి మనిషిని పెట్టుకుంది ఎందుకు?" అని, రామాయమ్మని రేపట్నుంచి రావద్దన్నాడు.

రామాయమ్మ క్యారేజీ తీసుకుని బయటికొచ్చింది. ఫాయిజా ఏదో చెప్పబోతే, "నువ్వు చెప్పినట్టు తలుపు తీసున్నా నన్నే అనేవాడులే," అంది.

ఆ తర్వాత మేనేజర్ ఒప్పుకున్నాడు. ఫాయిజా లాప్‌టాప్ పట్టుకుని హేచరీలన్నీ తిరిగి పెట్టెలు సరిచేసింది. వెళ్లిన ప్రతిచోటా రామాయమ్మకి పని ఇప్పించమని అడిగింది.

"గుడ్లు ఉడకబెట్టినావిడేగా," అన్నారు.