రెండో అంచులో నైట్రోజన్

2023 వేసవి మొదట్లో, అరుప్పుకోట్టైలోని మా చేతిమగ్గానికి ఒక వింత బేరం వచ్చింది. కోవిల్‌పట్టి బడిలో సైన్సు చెప్పే టీచరమ్మ రిటైరవుతున్నారు. మాలాగే బయట తమిళం, ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి. ధ్రువాల ఆకాశంలో కనబడే వెలుగుల్ని చీరగా నేయమన్నారు.

"ఇన్నేండ్లూ సాక్‌పీసుతో గీసి చూపిస్తిని తమ్ముడా. పోయే ముందు ఈ కడాసి క్లాసులోనైనా నా పిల్లోళ్ళు రంగులతో చూడాల," అన్నారు.

అంత ఆశగా అడిగితే కాదనడానికి నోరు రాలేదు. ఆవిడ చెప్పిన ప్రకారం, సూర్యుడి తాకిడికి ఎలక్ట్రాన్లు, అంటే కంటికి ఆనని కరెంటు నలుసులు, ధ్రువాల మీది పైగాలిని గుద్దుతాయట. పైన ఎరుపూ, దాని కింద ఆకుపచ్చా ఆక్సిజన్ ఇస్తుంది. మహా వేగంగా వచ్చినవి ఇంకా లోతుకు దిగి నైట్రోజన్‌ను కొడతాయి.

"దెబ్బ తగిలితే అది ఏమైతాది టీచరమ్మా?"

"కొన్ని ఊరికే అదురుతాయి. కొన్నింట్లో ఉండే ఎలక్ట్రానే ఊడిపోతాది. అప్పుడు ఊదా, గులాబీ వెలుగు వస్తాది. అది కింద అంచులో రావాల."

సరేనని పడుగు వేశాను. పడుగంటే చీర పొడవునా సాగే దారాలు. అంచు రంగు అక్కడే తేలిపోతుంది, తర్వాత మార్చలేం. మా వంశంలో ఒంటి అంచు చీర నేసిన మొనగాడెవడు? అలవాటు కొద్దీ రెండు వైపులా ఊదా పోసేశాను. తప్పని తోచనే లేదు.

క్లాసు ముందురోజు ఆవిడ వచ్చి చీర విప్పారు. "ఏమి తమ్ముడా, పైన గూడా నైట్రోజన్నే పోసేస్తివే?"

"మళ్ళా నేసేదానికి నాళ్ళు లేవే అమ్మా!"

ఆవిడ పై అంచును తడిమి చూసి, ఉన్నట్టుండి నవ్వారు. "ఉండు. ఇదీ ఉండాది. నేల మీద చీకటైనా అంత ఎత్తులో ఎండ తగులుతాది. ఎలక్ట్రాన్ పోగొట్టుకొన్న నైట్రోజన్ ఆ ఎండకు పైన గూడా ఊదాగా మెరుస్తాది. ఎప్పుడూ కాదు, ఎండ తగిలితేనే."

"నా మనసు కోసం చెప్తిరా?"

"సైన్సు టీచరు మనసు కోసం అబద్దం చెప్తాదా?" అని గదమాయించారు.

మర్నాడు నేనూ కోవిల్‌పట్టి వెళ్ళి క్లాసు గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ ఆ చీరే కట్టుకొచ్చి, పైట చాపి, ఒక్కో రంగూ చూపిస్తూ తమిళంలో పాఠం చెప్పారు. పై అంచు దగ్గర ఆగి, ఇది నేసినాయన పొరపాటే గానీ ఆకాశం కూడా ఒక్కోసారి ఇలాగే నేస్తుంది, ఎందుకో చెప్పండి అన్నారు. పిల్లలు తలా ఒకటి అరిచారు. తప్పునూ దాచలేదు, నన్నూ చిన్నబుచ్చలేదు.

ఇప్పుడు పడుగు వేసే ముందు రెండంచులూ ఒకటేనా అని తప్పకుండా అడుగుతాను. ఎదుటివాడి పొరపాటు కనబడితే మాత్రం, నోరు చేసుకునే ముందు, దానికి ఎక్కడైనా ఎండ తగులుతోందేమోనని ఒకసారి చూస్తాను.